ఎ మైనర్ అంటే ఏడుపేనా?

ప్రశ్న: మాది విజయవాడ. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, చిన్నప్పటి నుంచీ వెస్ట్రన్ వయొలిన్ నేర్చుకుంటోంది. వచ్చే నెల వాళ్ల టీచర్ పెట్టే పిల్లల కార్యక్రమంలో జర్మన్ స్వరకర్త బాఖ్ ఎ మైనర్ వయొలిన్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాద్యం ముందుండి వాయించే కృతి) మొదటి మూవ్‌మెంట్, అంటే మొదటి భాగం, పియానోతో కలిసి వాయించాలి. దీని మీద ఇంట్లో రోజూ పంచాయితీయే. పుస్తకంలో 'అల్లెగ్రో మోడరాటో' (ఓ మోస్తరు చురుగ్గా) అని ఉంది కానీ వేగం ఎంతో చెప్పే అంకె లేదు. అమ్మాయి యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి అదే స్పీడులో పరిగెత్తిస్తోంది. మా మావయ్యగారు కర్ణాటక సంగీతం బాగా విన్న మనిషి. 'ఇది కీరవాణి, కరుణ పలకాలి, నెమ్మదిగా వాయించమ్మా' అంటారు. 'మైనర్ అంటే శాడ్ కదా, మరి ఇంత ఫాస్ట్‌గా ఎందుకుంది?' అని పిల్ల నన్ను అడుగుతుంది. ఇంకో రికార్డింగ్‌తో కలిపి ప్రాక్టీస్ చేద్దామంటే స్వరమే కలవట్లేదు. ట్యూనర్ యాప్ పెడితే ఎ రావాల్సిన చోట జి షార్ప్ చూపిస్తోంది. అసలు సరైన వేగం ఏది, సరైన కీ (ఆధార స్వరం) ఏది, ఏ మూడ్‌లో వాయించాలి? నాకు సంగీతం రాదు. ఎవరికి సర్దిచెప్పాలో మీరే చెప్పండి.

జవాబు: ముందు ట్యూనర్ సంగతి తేల్చేద్దాం, అన్నిటికంటే అదే తేలిక. మీ యాప్ బాగానే ఉంది, ఆ రికార్డింగూ బాగానే ఉంది. బాఖ్ కాలం నాటి పద్ధతిలో వాయించే బృందాలు ఈ రోజుల్లో 'ఎ' స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి కాకుండా 415కి శ్రుతి చేసుకుంటాయి. అంటే సుమారుగా ఒక సెమీటోన్ కింద. మీ మావయ్యగారి భాషలో అర శ్రుతి తగ్గించి వాయిస్తున్నారన్నమాట. 440 అనే అంకె మీద కొన్ని దేశాలు ఒప్పందానికి వచ్చింది 1939లో, లండన్‌లో. బాఖ్ రోజుల్లో ఊరికో శ్రుతి, ఒక్కోసారి ఒకే ఊళ్లో రెండు శ్రుతులు. లైప్‌జిగ్ చర్చిల్లో ఆర్గాన్ శ్రుతి మిగతా వాద్యాల కంటే ఒక స్వరం (రెండు సెమీటోన్లు) ఎక్కువగా ఉండేది. అందుకని బాఖ్ తన చర్చి సంగీతంలో ఆర్గాన్ వాయించేవాడికి మాత్రం ఒక స్వరం కిందికి దించి వేరే కాగితం రాయించేవాడు. ఆ 415 కూడా నేటి కళాకారులు సౌకర్యం కోసం పెట్టుకున్న అంకే. ఆ కాలానికి దగ్గరగా ఉంటుంది, అంతవరకే.

కాబట్టి ఆ రికార్డింగ్ జి షార్ప్ మైనర్‌లో లేదు, ఎ మైనర్‌లోనే ఉంది. దానితో కలిపి వాయించాలనిపిస్తే వేగం మారకుండా శ్రుతి మాత్రం పెంచే యాప్‌లు ఉన్నాయి, ఒక సెమీటోన్ పైకి జరపండి. అమ్మాయి వయొలిన్ తీగల్ని మాత్రం కిందికి దించొద్దు. మళ్లీ పైకి బిగించాక అవి కుదురుకోవడానికి టైం పడుతుంది. కార్యక్రమం ముందు ఆ టెన్షన్ ఎందుకు?

ఇక వేగం. మీరు నమ్మరు కానీ, ఆ 'అల్లెగ్రో మోడరాటో' బాఖ్ రాసింది కాదు. ఈ కన్సర్టోకి బాఖ్ చేతిరాత స్కోరు, అంటే అన్ని వాద్యాలూ కలిపి రాసిన ప్రతి, దొరకలేదు. సుమారు 1730 నాటి విడి పార్టులు ఉన్నాయి, అంటే ఒక్కో వాద్యం వాళ్లు ముందు పెట్టుకుని వాయించే కాగితాలు. వాటిలో కొంత భాగం బాఖ్ చేతిరాతే. రెండో మూవ్‌మెంట్ మీద 'ఆండాంటే' (నిదానమైన నడక) అని ఉంది. మూడోదాని మీద 'అల్లెగ్రో అస్సాయ్' అని ఉంది. మొదటిదాని మీద ఏమీ లేదు. మర్చిపోయాడని కాదు. కన్సర్టో మొదటి మూవ్‌మెంట్ చురుగ్గా నడుస్తుందని అప్పట్లో వాయించేవాళ్లందరికీ తెలుసు, ప్రత్యేకంగా రాసే పని లేదు. తర్వాతి కాలం ఎడిటర్లకు ఆ ఖాళీ చూసి చేయి ఊరుకోలేదు. ఒకరు 'అల్లెగ్రో' అని, ఇంకొకరు 'అల్లెగ్రో మోడరాటో' అని చేర్చారు. మంచి ఎడిషన్లలో ఇలాంటివి బ్రాకెట్లలోనో సన్న అక్షరాల్లోనో ఉంటాయి. మీ పుస్తకంలో ఎలా ఉందో ఒకసారి చూడండి. మామూలుగా పెద్ద అక్షరాల్లో అచ్చేసి ఉంటే, బౌ (కమాను) గుర్తులు, స్లర్లు (ఒకే కమాను లాగులో కలపమనే గీతలు) కూడా చాలావరకు ఆ ఎడిటర్‌గారివే అయి ఉండొచ్చు.

అంకె లేదన్నారు, ఉండే అవకాశమే లేదు. నిమిషానికి ఇన్ని దెబ్బలని కొట్టి వేగం చూపే మెట్రోనోమ్‌కి మెల్‌జెల్ పేటెంట్ తీసుకున్నది 1815లో, బాఖ్ పోయిన 65 ఏళ్లకి. మరి అంతకుముందు వేగం ఎలా చెప్పేవారంటే, జర్మనీలో క్వాంట్స్ అనే ఫ్లూట్ విద్వాంసుడు 1752లో అచ్చైన తన పుస్తకంలో నాడి పట్టుకుని చెప్పాడు. ఆరోగ్యంగా, హుషారుగా ఉన్న మనిషికి మధ్యాహ్నం భోజనం దగ్గర నుంచి సాయంత్రం దాకా కొట్టుకునే నాడి, నిమిషానికి సుమారు 80. దాన్ని కొలతగా పెట్టుకుని ఏ రకం సంగీతంలో ఒక దెబ్బకి ఎన్ని స్వరాలో లెక్కలు కట్టాడు. ఆయన లెక్క ప్రకారం టూ-ఫోర్ తాళంలో ఉన్న అల్లెగ్రోకి ఒక నాడి దెబ్బకి ఒక బార్ (తాళంలో ఒక ఆవర్తం, ఇక్కడ రెండు క్రాచెట్ దెబ్బలు) వెళ్లిపోవాలి. మీ అమ్మాయి వాయించే మూవ్‌మెంట్ టూ-ఫోరే. అలా వాయిస్తే క్రాచెట్లు నిమిషానికి 160, సోలోలోని సెమీక్వావర్లు (క్రాచెట్‌లో నాలుగో వంతు స్వరాలు) సెకనుకి పది పైనే. వేళ్లు ఆడినా చెవికి ఏమీ అందదు. ప్రతి కృతినీ నాడితో కొలవడం కుదిరే పని కాదని క్వాంట్స్ కూడా ఒప్పుకున్నాడు. పైగా ఆయన రాసింది బెర్లిన్ రాజాస్థానంలో, ఈ కన్సర్టో పుట్టిన ఇరవై ఏళ్ల తర్వాత. ఆ పుస్తకం నుంచి మనం తీసుకోవాల్సింది అంకె కాదు. తాళం చూడాలి, అందులో అతి చిన్న స్వరం ఎంత వేగంగా కదులుతోందో చూడాలి, ఆ తర్వాతే పైన రాసిన మాట చూడాలి.

మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ 1756లో రాసిన వయొలిన్ పాఠ్యగ్రంథంలో ఇదే సంగతి ఇంకా సూటిగా ఉంది. అల్లెగ్రో అంటే ఉల్లాసంగా ఉండాలి, తొందర మాత్రం పడకూడదన్నాడు. ప్రతి కృతిలోనూ కనీసం ఒక వాక్యమైనా దాని అసలు వేగం ఏదో పట్టిస్తుంది, దాన్ని వెతుక్కోమన్నాడు. మీ అమ్మాయి చేత ఆ పనే చేయించండి. వయొలిన్ పక్కన పెట్టి, ఆర్కెస్ట్రా వాయించే మొదటి భాగాన్ని నోటితో పాడమనండి. గొంతుకి హాయిగా ఉన్న వేగం ఎంతో మెట్రోనోమ్ యాప్‌లో చూసి రాసి పెట్టండి. తర్వాత సోలోలో తనకి అన్నిటికంటే కష్టమనిపించే సెమీక్వావర్ల చోటు తీసి, ఒక్కో స్వరం విడిగా వినపడేలా ఎంత వేగంలో వాయించగలదో అదీ రాసి పెట్టండి. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే మీ వేగం దొరికినట్టే. పాడితే 96, వాయిస్తే 76 వస్తే మాత్రం ఇంకా ప్రాక్టీస్ కావాలని అర్థం. అప్పుడు 84 దగ్గర రాజీ పడండి. అంతేగానీ ఆర్కెస్ట్రా భాగం 96లో మొదలుపెట్టి, సోలో వచ్చేసరికి 76కి జారిపోవడం ఒద్దు. పిల్లల కార్యక్రమాల్లో సర్వసాధారణంగా జరిగేది అదే. వినేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో కాలు మడతపడినట్టు తెలిసిపోతుంది.

ఒక చిన్న లెక్క చెబుతాను, మీ ఇంట్లో గొడవ ఎంత చిన్నదో తేలుతుంది. ఈ మూవ్‌మెంట్‌లో 171 బార్లు, బార్‌కి రెండు క్రాచెట్లు, మొత్తం 342. క్రాచెట్ 84 పెడితే నాలుగు నిమిషాల నాలుగు సెకన్లు. 100 పెడితే మూడు నిమిషాల ఇరవై ఐదు సెకన్లు. తేడా ముప్పై తొమ్మిది సెకన్లు. మావయ్యగారు కోరుకునే వేగం బహుశా 70 చుట్టుపక్కల ఉంటుంది, అది ఐదు నిమిషాలకి కాస్త తక్కువ. ఆ వేగంలో వాయించి చూడమనండి, ఎవరూ అడ్డు చెప్పొద్దు. నాలుగో ఐదో బార్ దాటేసరికి ఒక్కో బీట్ విడివిడిగా అడుగేస్తూ, టూ-ఫోర్ కాస్తా నాలుగు చిన్న దెబ్బల ఫోర్-ఎయిట్‌లా వినిపించడం మొదలవుతుంది. వాక్యం పూర్తయ్యేలోపు ఊపిరి అయిపోతుంది. 104 దాటించి చూస్తే ఇంకో రకం నష్టం. బేస్‌లో (కింది స్వరాల్లో) నడిచే క్వావర్లు (అర క్రాచెట్ స్వరాలు) నడక మానేసి దొర్లుతాయి. నన్నడిగితే మీ అమ్మాయి వయసుకి 84 నుంచి 92 మధ్య ఎక్కడైనా బాగుంటుంది. ఆ వీడియోలో ఉన్నవాళ్లు ఎంత వేగంగా వాయించినా, అది వాళ్ల చేతుల సంగతి, వాళ్ల హాలు సంగతి.

బాఖ్ వదిలిన ఆధారం ఇంకొకటి కూడా ఉంది. మూడో మూవ్‌మెంట్‌కి 'అల్లెగ్రో అస్సాయ్' అని ప్రత్యేకంగా రాశాడు, అంటే బాగా చురుగ్గా అని. నైన్-ఎయిట్‌లో, మన తిశ్ర గతిలా మూడేసి స్వరాలతో దూకుతూ పోయే నాట్యం అది. చివర అంత దూకుడు పెట్టుకున్నవాడు మొదట్లోనే అంతా ఖర్చు చేసేయమంటాడా? మొదటిది మూడోదాని కంటే నిలకడగా ఉండాలనే నేను అర్థం చేసుకుంటాను.

ఇక మీ మావయ్యగారి కీరవాణి. ఆయన చెవిని తీసిపారేయకండి. వెస్ట్రన్‌వాళ్లు హార్మోనిక్ మైనర్ అనే స్కేల్ స్వరాలు అచ్చంగా కీరవాణివే, 21వ మేళకర్త. కానీ బాఖ్ అక్కడే కూర్చోడు. పైకి వెళ్లేటప్పుడు ధైవతాన్ని పెంచితే అది గౌరిమనోహరి స్వరాలవుతుంది. కిందికి దిగేటప్పుడు నిషాదాన్ని తగ్గిస్తే నటభైరవి. ఒక్క వాక్యంలోనే మూడు మేళకర్తల మీద నుంచి వెళ్లిపోతాడు, అదీ ఏ గమకమూ లేకుండా. దాని కంటే పెద్ద తేడా షడ్జం దగ్గర ఉంది. మన కచేరీలో తంబురా మోగుతున్నంతసేపూ షడ్జం కదలదు. రాగం ఏదైనా ఆ 'స' దగ్గరికే తిరిగి రావాలి. కన్సర్టోలో షడ్జమే ప్రయాణం కడుతుంది. ఆర్కెస్ట్రా వాయించే పల్లవి లాంటి భాగం ఎ మైనర్‌లో మొదలై, మధ్యలో సి మేజర్, ఇ మైనర్ లాంటి ఊళ్లు తిరిగి, చివరికి మళ్లీ ఎ మైనర్‌కి చేరుతుంది. సి మేజర్‌కి వెళ్లినప్పుడు స్వరాలు శంకరాభరణానివి. కాబట్టి మూవ్‌మెంట్ మొత్తానికి ఒక రాగం పేరు పెట్టి, ఆ రాగానికి ఒక రసం పెట్టి, ఆ రసానికి ఒక వేగం పెడితే మొదటి మెట్టులోనే తప్పిపోతాం. మావయ్యగారికి ఇలా చెప్పండి: ఇక్కడ రాగం నిలిచి ఉండదు, కదులుతుంది. ఆ కదలికే దీని అందం. చాలా నెమ్మదిగా వాయిస్తే ఆ ప్రయాణం ఆగిపోయినట్టు ఉంటుంది.

మైనర్ అంటే శాడ్ అన్న మాట మీ అమ్మాయి ఎక్కడో విని ఉంటుంది, ఇప్పుడు అందరూ అనేదే. బాఖ్ కాలంలో ఇలాంటి పట్టికలు ఇంకా పెద్దవి ఉండేవి. హాంబర్గ్‌లో మాట్టెసన్ అనే ఆయన 1713లో పదిహేడు కీలకి ఒక్కోదాని స్వభావం రాశాడు. ఎ మైనర్ గురించి ఆయన మాట: కాస్త విలపించేది, మర్యాదస్తురాలు, నెమ్మదైనది, నిద్ర కూడా తెప్పిస్తుంది, అయినా అప్రియం కాదు. మావయ్యగారికి ఇంతవరకే చదివి వినిపిస్తే గెలిచానంటారు. అందుకని ఇ మేజర్ గురించి ఏమన్నాడో కూడా వినిపించండి. ఆశ పూర్తిగా ఉడిగిపోయిన, ప్రాణం తీసేంత దుఃఖమట! బాఖ్ రెండో వయొలిన్ కన్సర్టో ఇ మేజర్‌లోనే ఉంది. దాని మొదటి మూవ్‌మెంట్ విన్నవాళ్లెవరికీ దుఃఖం గుర్తుకు రాదు. ఇటలీ స్వరకర్త వివాల్డీ 'వసంతం' కన్సర్టో కూడా ఇ మేజరే, అందులో పక్షులు కూస్తాయి. పారిస్‌లో షార్పాంటియే అనే స్వరకర్త అంతకుముందే, 1690 ప్రాంతంలో, అదే ఇ మేజర్‌ని తగువులాడేది, గట్టిగా అరిచేది అన్నాడు. ఇద్దరు పెద్దమనుషులకి ఒక కీ మీదే మాట కలవలేదు. మనుషుల స్వభావాలు వేరు కాబట్టి అందరికీ ఇలాగే అనిపించాలని లేదని మాట్టెసన్ కూడా ముందే తప్పించుకున్నాడనుకోండి.

బాఖ్ మాత్రం మాటలు చెప్పకుండా చేసి చూపించాడు. 1738 ప్రాంతంలో ఇదే కన్సర్టోని హార్ప్సికార్డ్ (పియానోకి ముందున్న మీటల వాద్యం) కోసం తిరగరాశాడు. అప్పుడు మొత్తం ఒక స్వరం కిందికి దించి జి మైనర్‌లో పెట్టాడు. కారణం రసమూ కాదు, భావమూ కాదు. వయొలిన్ పైన ఇ దాకా వెళ్తుంది, ఆయన ముందున్న హార్ప్సికార్డ్‌లో పై మీట డి దగ్గరే అయిపోతుంది. అందక దించాడు, అంతే. మాట్టెసన్ పట్టికలో జి మైనర్ అంటే కీలన్నిటిలోకీ దాదాపు అతి అందమైనది. మరి దించగానే ఈ సంగీతం అంతకు ముందు కంటే అందంగా అయిపోయిందా? రెండూ పక్కపక్కన పెట్టి వినండి, ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. బాఖ్ కృతుల జాబితాలో హార్ప్సికార్డ్ దాని నంబరు బీడబ్ల్యూవీ 1058, వయొలిన్ దాని నంబరు 1041.

అలాగని కీకి ఏ విలువా లేదనను. వయొలిన్ మీద చాలా ఉంది. మన కర్ణాటక వయొలిన్ విద్వాంసులు నాలుగు తీగల్నీ స-ప-స-ప అని శ్రుతి చేసుకుంటారు. గాయకుడి శ్రుతి మారితే తీగలన్నీ దానితో పాటే మారతాయి, స్వరానికీ తీగకీ సంబంధం చెడదు. వెస్ట్రన్ వయొలిన్‌లో తీగలు ఎప్పుడూ జి, డి, ఎ, ఇ. కదలవు. అందుకే ఏ కీలో రాశారన్నదాన్ని బట్టి వాద్యం గొంతు మారుతుంది. ఎ మైనర్‌లో షడ్జం ఖాళీ తీగ మీదే ఉంది, పంచమమూ ఖాళీ తీగే, మధ్యమమూ ఖాళీ తీగే. వేలు పెట్టకుండానే ముఖ్యమైన స్వరాలు గంటలా మోగుతాయి, పక్క తీగలూ వాటితో పాటు కొంచెం కంపిస్తాయి. మూడో మూవ్‌మెంట్‌లో బాఖ్ దీన్ని పూర్తిగా వాడుకున్నాడు. పక్క తీగ మీద వేళ్లు స్వరాలు మారుస్తుంటే, బౌ మాటిమాటికీ ఖాళీ ఇ తీగని తాకి వస్తుంటుంది. అదే ఒక సెమీటోన్ కింద, నిజంగా జి షార్ప్ మైనర్‌లో రాసి ఉంటే ఈ మోత దాదాపుగా ఉండదు, గొంతు మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. 'ఎ మైనర్ అంటే ఏంటి?' అని మీ అమ్మాయి మళ్లీ అడిగితే, 'నీ ఖాళీ తీగలు బాగా మోగే మైనర్' అని చెప్పండి. శాడ్ అనే మాటకంటే తనకి అది ఎక్కువ పనికొస్తుంది.

మరి మూడ్ ఏంటంటారా? ఇక్కడ నా సొంత అభిప్రాయమే చెప్పాలి. ఈ మూవ్‌మెంట్‌లో నాకు దుఃఖం వినపడదు, పట్టుదల వినపడుతుంది. నవ్వు ముఖం కాదు, అలాగని కన్నీళ్లూ లేవు. ఆర్కెస్ట్రా ఒక మాట ఖరాఖండిగా చెబుతుంది, వయొలిన్ దాన్ని అందుకుని తన వాదన మొదలుపెడుతుంది. వాళ్లు మధ్యలో అడ్డు తగులుతుంటారు, తను ఆపదు. బరోక్ కాలంలో, అంటే బాఖ్ రోజుల్లో, ఒక మూవ్‌మెంట్‌కి సాధారణంగా ఒకే భావం ఉంటుంది, మొదట పట్టుకున్నది చివరిదాకా నడుస్తుంది. కాబట్టి ఇక్కడ బాధ, అక్కడ సంతోషం అంటూ నాలుగు బార్లకోసారి ముఖం మార్చే పని లేదు. స్వరకర్తే భావం మాటల్లో చెప్పిన సందర్భాలు వేరు. వివాల్డీ 1725లో అచ్చు వేయించిన ఋతువుల కన్సర్టోలకి పద్యాలు జతచేశాడు. 'వేసవి' మొదటి మూవ్‌మెంట్ జి మైనర్, పైన 'అల్లెగ్రో నాన్ మోల్టో' (చురుగ్గానే, మరీ ఎక్కువ కాదు) అని ఉంది. కానీ స్కోరులో మొదట్లోనే 'ఎండకి వడిలిపోయి' అని రాసి ఉంటుంది. స్వరాలు రెండడుగులు వేసి ఆగిపోతుంటాయి. రోహిణి కార్తెలో బెజవాడ మధ్యాహ్నం తెలిసిన మీకు అది విడమరిచి చెప్పక్కర్లేదు. అదీ మైనరే, అదీ అల్లెగ్రోయే, బాఖ్‌దానికీ దీనికీ భావంలో పోలికే లేదు. మూడ్ కీ పేరులోనూ లేదు, టెంపో మాటలోనూ లేదు. స్వరాలు ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ ఆగకుండా పోతున్నాయి అన్నదాంట్లో ఉంది.

అది పలికేది బౌలో. ఈ మూవ్‌మెంట్ బార్ మొదట్లో మొదలవదు, ముందు ఒక్క క్వావర్ ఎత్తుగడ ఉంటుంది. పిల్లలు దాన్నే గట్టిగా కొట్టి, తర్వాతి స్వరాన్ని వదిలేస్తారు. తిరగేయించండి: ఎత్తుగడ తేలిగ్గా, బరువు బార్ మొదటి బీట్ మీద. క్వావర్లని ఒకదానికొకటి అంటించకుండా, మధ్యలో కాస్త గాలి ఆడేలా, బౌ మధ్యభాగంతో వాయించమనండి. పట్టుదల అన్నానే, సగం అక్కడే వచ్చేస్తుంది. రెండేసి స్వరాలకి స్లర్ ఉన్నచోట మొదటిది ఒత్తి, రెండోది వదలాలి. సెమీక్వావర్లకి బౌ చాలా తక్కువ చాలు, ఎక్కువ లాగితే వేగం దానంతటదే పడిపోతుంది. ప్రతి స్వరం మీదా వైబ్రాటో (వేలు ఊపి స్వరాన్ని వణికించడం) ఒద్దు. ఎడతెగకుండా చెయ్యి ఊపేవాళ్లని చూసి, ఎప్పటికీ తగ్గని జ్వరం వచ్చినట్టుంది అని లియోపోల్డ్ మొజార్ట్ ఎగతాళి చేశాడు. ఇక ముఖ్యమైనది, ప్రతి భాగం చివరా వేగం తగ్గించే అలవాటు. మొత్తం మూవ్‌మెంట్‌కి ఒక్కసారి, అట్టచివరి రెండు బార్లలో కాస్త, అంతే. మధ్యలో తగ్గించిన ప్రతిసారీ ఆ వాదన కాస్తా నసుగుడు అయిపోతుంది.

మావయ్యగారిని మాత్రం పక్కన పెట్టకండి. ఆయనకి ఒక పని, ఒక బహుమతి ఇవ్వండి. పని ఏంటంటే, అమ్మాయి వాయిస్తుంటే తొడ మీద తాళం వేయడం, బార్‌కి ఒక్కటే దెబ్బ. నిమిషానికి 44 దెబ్బలు, అంటే క్రాచెట్ 88. ఆయనకి అది నెమ్మదైన కాలంలాగే ఉంటుంది, పిల్లకేమో చురుగ్గా ఉంటుంది. ఏళ్ల తరబడి విన్న శ్రోత చేసే లయ పరీక్ష ముందు మెట్రోనోమ్ యాప్ ఏ పాటిది! బహుమతి రెండో మూవ్‌మెంట్, ఆండాంటే. సి మేజర్‌లో ఉంటుంది, బేస్ ఒకే నడకని మళ్లీ మళ్లీ వేస్తూ ఉంటే దాని మీద వయొలిన్ మూడేసి స్వరాల తీగల్లా సాగుతుంది. ఆయన అడిగే నిదానం, లోతు అక్కడ ఉన్నాయి. అది మేజర్, అయినా ఈ కన్సర్టో మొత్తంలో మనసు బరువెక్కేది ఆ మూవ్‌మెంట్‌లోనే అని నా నమ్మకం. ఆ మాట ఆయన నోటితోనే రానివ్వండి.

చివరగా, మీరెవరూ ఇంకా ఆలోచించినట్టు లేరు: కార్యక్రమం రోజు వేగం పెట్టేది మీ అమ్మాయి కాదు, పియానో వాయించేవారు. మొదటి 24 బార్లూ ఆర్కెస్ట్రావి, మీ దగ్గర పియానోవి. వాళ్లు 100లో మొదలుపెడితే అమ్మాయి 100లోనే దూకాలి. అందుకని రెండు పనులు చేయండి. బాఖ్ కాలంలో సోలో వాయించేవాడు ఆర్కెస్ట్రా భాగాన్ని కూడా మిగతావాళ్లతో కలిసి వాయించేవాడు. టీచర్ ఒప్పుకుంటే అమ్మాయి కూడా మొదటి నుంచీ పియానోతో కలిసి వాయించాలి, అప్పుడు చేతులూ వేడెక్కుతాయి, వేగమూ తన చేతిలో ఉంటుంది. ఎత్తుగడకి ముందు పియానో వైపు చూసి, ఒక ఖాళీ బార్ లోపల లెక్కపెట్టుకుని, ఊపిరి తీసుకుంటూ వయొలిన్ కొంచెం పైకెత్తితే చాలు, వాళ్లకి వేగం అర్థమైపోతుంది. దీన్ని రిహార్సల్‌లో కనీసం నాలుగైదుసార్లు చేయించండి. ఒకవేళ వాళ్లతో ఒకే ఒక్క రిహార్సల్ దొరికితే, మొత్తం వాయించడం కంటే ఆ మొదటి ఎనిమిది బార్లూ మళ్లీ మళ్లీ వాయించడమే మేలు.